పదకొండో వంతు జీనత్‌ది

జీనత్ గొంతు పెద్దది. కట్టంగూర్‌లో హైవే పక్కన దుకాణాలున్న వాళ్లలో ఎవరినడిగినా ముందు ఈ మాటే చెబుతారు. కొందరు మెచ్చుకుంటూ చెబుతారు. ఎక్కువమంది తప్పు పట్టినట్టు చెబుతారు.

ఒకసారి ఆమెను చూడడానికి సూర్యాపేట నుంచి పెళ్లివారు వచ్చారు. లోపలి గదిలో తల మీద దుపట్టా వేసి కూర్చోబెట్టారు. సరిగ్గా అదే వేళకు బయట ఒక లారీ వెనక్కి వస్తోంది. చప్పుడును బట్టి అది గోడ వైపు పోతోందని జీనత్‌కు తెలిసిపోయింది. కిటికీ రెక్క తోసి "రానీ... రానీ... రానీ... బస్!" అని కేక వేసింది. వచ్చిన పెద్దావిడ చాయ్ కప్పు కింద పెట్టి, "గింత ఆవాజ్ ఏంది బేటీ?" అంది.

"లారీ ఎన్క నిలబడి మాట్లాడితే ముందట కూసున్న డ్రైవర్‌కు ఇనబడాలె ఖాలా. గందుకే గంత ఉంటది," అంది జీనత్.

వాళ్లు చాయ్ పూర్తిగా తాగకుండానే వెళ్లిపోయారు. మర్నాడు నాతో చెబుతూ, "పోతే పోయిండ్రు తియ్యి. గోడ అయితే నిలబడ్డది గద," అని నవ్వింది.

జీనత్ వాళ్ల నాన్న ఖమర్ ఇరవై ఏళ్లు లారీ నడిపాడు. జీనత్ ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయన దగ్గర పనిచేసే క్లీనర్ చెప్పాపెట్టకుండా మానేశాడు. అప్పటికి జీనత్ తల్లి పోయి ఏడాది. పిల్లను ఇంట్లో ఒంటరిగా వదల్లేక, ఇంకో క్లీనర్ దొరికేదాకా అనుకుని ఖమర్ ఆమెను తనతోపాటు లారీ ఎక్కించుకున్నాడు. క్లీనర్ దొరకలేదు. తానే దొరకనివ్వలేదని జీనత్ అంటుంది. మిర్యాలగూడ బియ్యం బస్తాలతో మూడేళ్లు తిరిగింది. టైరు కింద కట్టె పెట్టడం, తాడు బిగించడం, అద్దం తుడవడం అన్నీ నేర్చుకుంది. వాటన్నిటికంటే పెద్ద పని, లారీ వెనక్కి వచ్చేటప్పుడు వెనక నిలబడి పిలవడం. మాట వినపడని ఇరుకు సందుల్లో అరచేత్తో లారీ డొక్క మీద కొట్టేది. ఒక దెబ్బ అంటే ఆగు. రెండు దెబ్బలంటే పోనీ. ఆపకుండా చిన్నగా తడుతూ ఉంటే, వస్తూ ఉండు అని.

తర్వాత ఖమర్‌కు చూపు మందగించింది. లారీ ఇచ్చేసి ఊళ్లోనే పంక్చర్ దుకాణం పెట్టాడు. అందులో సగం పని జీనత్‌దే. ఆడపిల్ల జాకీ ఎక్కిస్తుంటే చూడడానికి కొందరు బండ్లు ఆపేవాళ్లు. "గాలి కొట్టించుకుంటరా, ఉత్తగనే నిలబడ్డరా? ఉత్తగ అయితే జర ఎండకు అడ్డం జరుగుండ్రి," అనేది.

మా ఇల్లు ఆ దుకాణానికి మూడిళ్ల అవతల. అమ్మకు చేతుల కీళ్లు వాచిపోయి మిషన్ తొక్కలేకపోతే, తొమ్మిదో తరగతి మధ్యలో నేను బడి మానేసి మిషన్ ముందు కూర్చున్నాను. మాట్లాడడం నాకు మొదటి నుంచీ కష్టమే. బడిలో హాజరు పిలిచినప్పుడు చెయ్యి మాత్రం ఎత్తేదాన్ని. సారు తల ఎత్తి చూడకపోతే ఆ రోజు నేను రానట్టే. మాట్లాడని వాళ్లకు చూడడానికి చాలా తీరిక ఉంటుంది. జీనత్‌ను నేను ఆ తీరికలోనే చూశాను.

రామచంద్రం సారు బడిలో ఆటలు నేర్పి పదవీ విరమణ చేసిన మనిషి. రెండేళ్ల కింద ఆయనకు అమ్మాయిల ఫుట్‌బాల్ టీం పెట్టాలని తోచింది. నల్లగొండలో యువజన సంఘాల వాళ్లు మండలాల మధ్య ఆదివారాలు పోటీలు పెడుతున్నారు. బడిలో చదివే వాళ్లు పదకొండుమంది దొరకలేదు. సారు ఇల్లిల్లూ తిరిగాడు. మా గుమ్మం ముందు నిలబడి, "బడి మానేసినోళ్లు గూడ రావచ్చు బిడ్డా. బాల్‌కు మెమో చూపెట్టే పని లేదు," అన్నాడు. నేను ఏమీ అనలేదు కాబట్టి వస్తానన్నట్టు రాసుకున్నాడు. నన్ను కుడివైపు బ్యాక్‌లో నిలబెట్టాడు. జీనత్‌ను గోల్‌లో పెట్టాడు. అందరికంటే ఎత్తరి, ఇంటర్ చదివే నిహారిక నడిమి బ్యాక్. చురుకైన భాగ్యశ్రీ ముందు వరుస.

సారుకు ఇంకో పేరు కూడా ఉంది. ఆయన వాళ్ల ఊరి కాలువ కింద నీళ్ల వంతుల పెద్దమనిషి. ఎవరి పొలానికి ఏ రోజు ఎన్ని గంటలు నీళ్లో కాగితం మీద రాసి, ఆ ప్రకారం తూము ఎత్తించేవాడు. ఆయన చూసినన్నాళ్లు ఒక్క తగాదా రాలేదని గొప్పగా చెప్పుకునేవాడు. టీం పెట్టిన మొదటి వారమే కెప్టెన్ ఎవరన్న మాట మీద ఇద్దరి తల్లులు గ్రౌండ్‌లోకే వచ్చి కొట్లాడితే, సారు జేబులోంచి కాగితం తీశాడు.

"నీళ్ల కాడ వంతు తప్పితె తలకాయలు పగులుతయ్. ఈడ గూడ వంతే. పదకొండుమంది, పదకొండు వంతులు. పైనుంచి కిందికి, ముందట ఆడేటోళ్లది ముందు. ఎవ్వలి మనసు నొయ్యద్దు," అన్నాడు.

అందరూ ఒప్పుకున్నారు. కాగితం మీద చిట్టచివరి పేరు జీనత్. గోల్‌లో నిలబడేది అందరికంటే వెనక కదా. "కాల్వ చివరి మడి నాదే అన్నట్టు," అంది తను. కెప్టెన్ చేతికి కట్టుకునే పసుపు పట్టీ నేనే కుట్టాను. లావు చేతులకూ సన్న చేతులకూ సరిపోయేలా లోపల ఎలాస్టిక్ వేశాను.

మొదటి మ్యాచ్‌లో జీనత్ ఊరుకోలేదు. వెనక నుంచి నిహారికనూ నన్నూ పేరు పేరునా పిలిచింది. ఆ రోజు వంతు భాగ్యశ్రీది. ఆట అయ్యాక ఆమె సారు దగ్గర ముఖం ముడుచుకుంది. "కెప్టెన్ నేనా, ఆమెనా సార్? ఎన్క నుంచి ఒక్క తీర్గ మొత్తుకుంటాంది."

సారు జీనత్‌ను పిలిచాడు. "తప్పమ్మా. పక్కోని వంతుల నువ్వు తూము ఎత్తుతవా? ఎవ్వలి వంతుల వాళ్లే మాట్లాడాలె. నీ వంతు వచ్చినప్పుడు నువ్వు మాట్లాడు."

"నా వంతు వచ్చేటప్పటికి నాటు ఎండిపోతది సార్," అంది జీనత్. కానీ మాట ఇచ్చింది. తర్వాత తొమ్మిది మ్యాచ్‌లు గోల్‌లో పెదవులు బిగబట్టుకుని నిలబడింది.

పది మ్యాచ్‌లు ఆడాం, పదీ ఓడాం. పరుగెత్తడం రాక కాదు. మా భాగ్యశ్రీని అందుకునే పిల్ల పోటీలోనే లేదు. మైదానంలో మాలో ఎవరూ నోరు తెరవం. అంతే. ఈ ఆదివారం నిహారిక నన్ను పదిమందిలో "ఎన్కకు రా" అని కేకేస్తే, పై ఆదివారం పట్టీ కట్టుకుని నేను నిహారికను కేకేస్తాను. అందుకని ఒకరినొకరు నొప్పించకుండా మెలిగేవాళ్లం. పెళ్లిలో వడ్డించేటప్పుడు మొహమాటపడినట్టు బంతి దగ్గర మొహమాటపడేవాళ్లం. బంతి గాల్లోంచి ఇద్దరి నడుమ పడితే ఒకరు "నువ్వు తీస్కో" అనేవాళ్లు, ఇంకొకరు "నువ్వే తీస్కో అక్కా" అనేవాళ్లు. అవతలి పిల్ల వచ్చి తీసుకుపోయేది. పైగా గోడ మీద మగవాళ్లు కూర్చుని ఉండేవాళ్లు. వాళ్ల ముందు గొంతెత్తడమంటే మాలో చాలామందికి చున్నీ జారినంత పని.

పదో మ్యాచ్ కేతేపల్లి మీద, వాళ్ల ఊళ్లోనే. ఆ రోజు వంతు నాది.

వాళ్ల కెప్టెన్ ఏడో నంబరు పిల్ల. నా భుజం దాకా వస్తుంది. మూడేళ్లుగా ఆమె ఒక్కతే కెప్టెన్. ఆట మొదలైనప్పటి నుంచి ఆమె నోరు ఆగలేదు. "జరుగవే", "నీ కుడికి", "చాల్లే నిలబడు", ఇవే మాటలు. వాళ్ల పిల్లలు ఆ మాటల మీద నడిచారు. నాకు అన్నీ కనబడుతూనే ఉన్నాయి. నిహారిక మరీ ముందుకు పోయిందని, ఆమె వెనక జాగా ఖాళీగా ఉందని, ఏడో నంబరు అటే చూస్తోందని తెలుస్తోంది. పట్టీ నా చేతికి ఉంది. వంతు నాది. మాట గొంతు దాకా వచ్చి కూర్చుంది, దిగలేదు, ఎక్కలేదు. ఒకసారి వెనక్కి తిరిగితే జీనత్ రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని నన్నే చూస్తోంది. తిట్టినా బాగుండేది. ఆమె మాట ఇచ్చింది కనుక తిట్టలేదు.

ఆరు గోల్స్ పడ్డాయి.

తిరుగు దారిలో ట్రాలీ ఆటోలో అందరం కిక్కిరిసి కూర్చున్నాం. టోల్‌గేట్ దాటాక నిహారిక అంది, "సార్, గోల్ కీపర్‌ను మార్చాలె. ఆరు బాల్స్ పక్కకెల్లి పోతుంటె చూసుకుంట నిలబడ్డది."

ఒక్కొక్కరూ తలూపారు. ఎవరినో ఒకరిని అనాలి కదా. గోల్ పడినప్పుడు అందరికీ కనబడే మనిషి గోల్‌లో ఉన్న మనిషే. పట్టీ ఇంకా నా చేతికే ఉంది. దాన్ని మెల్లగా లాగి పిడికిట్లో దాచుకున్నాను. అన్నది నిహారిక అయినా, ఒప్పుకున్నదాన్ని నేనే.

సారు రోడ్డు మీంచి మా వైపు తిరిగాడు. "వచ్చే ఆదివారం మళ్ల కేతేపల్లితోనే, నల్లగొండల. భాగ్యశ్రీ గోల్‌ల నిలబడుతది. జీనత్, గ్లౌజులు ఆమెకు ఇయ్యి బిడ్డా."

జీనత్ గ్లౌజులు తియ్యలేదు. "వచ్చే ఆదివారం వంతు ఎవ్వలది సార్?" అంది.

"ఏం వంతు?"

"కెప్టెన్ వంతు. మీ అంగి జేబుల కాయితం ఉంటది, చూడుండ్రి."

సారు కాగితం తియ్యలేదు. ఆయనకు తెలుసు.

"పదకొండోది నాది. గ్లౌజులు పోతె గా వంతు గూడ పాయె," అంది జీనత్. "తొమ్మిది వంతులు నోరు మూసుకున్న. చివరి మడికి నీళ్లు పారే రోజు చూసి తూము బంద్ జేస్తరా? మీ కాల్వ కింద గిట్ల ఎన్నడన్న చేసిండ్రా?"

సారుతో అలా మాట్లాడిన వాళ్లను మేము చూడలేదు. ఆయన ముఖం ఎర్రబడింది. తర్వాత మెల్లగా మామూలైంది.

"రామచంద్రం వంతు తప్పించిండు అని నన్ను ఎవ్వలు అనలేరు," అన్నాడు. "సరే, నీ వంతే. గోల్‌లనే నిలబడు. గని మళ్ల గిట్లనే పడితె?"

"పడితె గ్లౌజులు నేనే ఇచ్చి పోత. మళ్ల గ్రౌండ్‌ల అడుగు పెట్ట. గని మూగదాని లెక్క అయితే నిలబడ, ముందే చెప్తున్న."

మర్నాడు సాయంత్రం నిహారికనూ నన్నూ ఇంకో ఇద్దరు బ్యాక్‌లనూ తన దుకాణానికి రమ్మంది. బంతి తీసుకుని గ్రౌండ్‌కు వెళతామనుకున్నాం. దుకాణం ముందు ఒక వడ్ల లారీ ఉంది. అందులో సోమన్న అనే ముసలి డ్రైవర్ ఉన్నాడు, ఖమర్ దోస్తు.

"ఈ లారీని గా గోడకు, గా కరెంటు స్తంభానికి నడుమ పెట్టాలె. ఒక్కొక్కరు వచ్చి ఎన్కకు పిలువుండ్రి," అంది జీనత్.

నిహారిక నవ్వింది. "మనం క్లీనర్లమా?"

"అవు. నేనైతే అవు. గోల్‌ల నిలబడి చూస్తె నాకు మీ వీపులే కనబడతయ్. మీకు ముందటిది కనబడతది, ఎన్కది కనబడది. డ్రైవర్‌కు గూడ గంతే. ఎన్క ఉన్నోడు చెప్పాలె, ముందట ఉన్నోడు ఇనాలె. క్లీనర్ సిగ్గుపడితె గోడ కూలుతది."

ఎదురుగా హోటల్లో సైదులు చాయ్ వడపోస్తూ చూస్తున్నాడు. "ఏం బిడ్డా జీనత్, బాల్ ఆడుతరా, ట్రాన్స్‌పోర్ట్ పెడుతరా?" అని అరిచాడు. చాయ్ తాగుతున్న వాళ్లంతా నవ్వారు.

"ట్రాన్స్‌పోర్టే కాకా. నీ హోటల్ అడ్డమున్నది, ముందుగాల దాన్నే లేపుతం," అంది. నవ్వు ఈసారి సైదులు మీదికి మళ్లింది.

ముగ్గురూ ఏదో తంటాలు పడి పిలిచారు. నా వంతు వచ్చింది. లారీ వెనక నిలబడ్డాను. సోమన్న గేరు వేశాడు. లారీ నా వైపు వస్తోంది. "రానీ" అన్నాను. అన్నాననే అనుకున్నాను. రెండడుగులు వచ్చి లారీ ఆగిపోయింది. సోమన్న తల బయటపెట్టాడు.

"ఏమన్నవ్ బిడ్డా?"

మళ్లీ అన్నాను. మళ్లీ కదిలి, మళ్లీ ఆగింది. హోటల్ దగ్గర నవ్వులు. సోమన్న మాత్రం నవ్వలేదు. "ఎన్క నుంచి మాట రాకుంటె నేను ఆగుత బిడ్డా. నాకు నేర్పిన పెద్దమనిషి చెప్పిన మాట గదే. ఆగనోడు మనుషుల మీదికి ఎక్కిస్తడు," అన్నాడు.

జీనత్ నా పక్కకు వచ్చి నిలబడింది. తను పిలవలేదు. నా చెయ్యి తీసుకుని లారీ డొక్క మీద పెట్టింది. "నోరు రాకుంటె చెయ్యి. గని ఏదో ఒకటి. గమ్మున ఉండుడు మాత్రం వద్దు," అంది. చిన్నగా తట్టాను. లారీ కదిలింది. తడుతూనే ఉన్నాను, వస్తూనే ఉంది. గోడకు జానెడు ఉందనగా గట్టిగా ఒక దెబ్బ కొట్టాను. ఆగింది. అంత పెద్ద బండి నా చేతి దెబ్బకు ఆగింది.

"కేతేపల్లి రోజు..." అని మొదలుపెట్టాను.

"పట్టీ నీ చేతికే ఉండె. నాకు తెల్వదా?" అంది జీనత్. "గది గాడనే పాయె. రేపటి సంది పొద్దున ఆరింటికి రా."

ఆ వారమంతా మా మాటలు మూడే. "రానీ" అంటే నా వైపు వెనక్కి రండి. "బస్" అంటే ఉన్నచోటే నిలబడండి. "పోనీ" అంటే ముందుకు. అక్క లేదు, చెల్లె లేదు, నువ్వు తీస్కో లేదు.

నల్లగొండ గ్రౌండ్‌లో ఆదివారం జనం బాగానే ఉన్నారు. నేను పట్టీ తీసి జీనత్ చేతికి తొడిగాను. ఆట మొదలైన రెండో నిమిషంలోనే ఆమె గొంతు లేచింది. "రానీ నిహారికా, రానీ, రానీ... బస్!" గట్టు మీద ఒక్కసారిగా నవ్వులు. ఎవడో, "ఇంకో ఫీట్ ఉంది, రానీ!" అని వెక్కిరించాడు. ఇంకొకడు నోటితో హారన్ కొట్టాడు. నిహారిక చెవుల దాకా ఎర్రబడింది. జీనత్ మళ్లీ "రానీ" అంది. నిహారిక విననట్టు నిలబడిపోయింది. వెనక జాగాలోకి ఏడో నంబరు దూరింది. గోల్.

సగం ఆట అయ్యేసరికి ఒకటి సున్నా. నీళ్ల బిందె దగ్గర నిహారిక కళ్లల్లో నీళ్లు పెట్టుకుంది. "అందరు నవ్వుతున్నరు జీనత్. నువ్వు పిలువకు. నన్నయితే పిలువకు."

"నవ్వనియ్యి. నవ్వేటోడు వచ్చి గోల్ కొడతడా, ఆపుతడా? నా గొంతుకు నేను సిగ్గుపడ్తలేను. నీకెందుకు సిగ్గు?" అంది జీనత్. తర్వాత కొంచెం గొంతు తగ్గించి, "మొన్న ఆరు పడ్డప్పుడు ఎవ్వలన్న నవ్విండ్రా? నవ్వలే. అయ్యో పాపం అన్నరు. నాకు గదే మండింది. పాపం కంటె నవ్వే నయం," అంది.

నిహారిక ముఖం కడుక్కుంది.

రెండో సగంలో ఆమె వింది. మొదటి "బస్"కు నిలబడింది. ఏడో నంబరు పిల్ల జాగా లేక బంతిని పక్కకు తన్నింది. రెండోసారీ అంతే. గట్టు మీద నవ్వులు పలచబడ్డాయి. కాసేపటికి జీనత్ బంతి పట్టుకుని "పోనీ భాగ్యా, పోనీ!" అంటూ చేత్తో దూరంగా విసిరింది. భాగ్యశ్రీ ఇద్దరిని దాటి పోయింది. బంతి వల్లో పడ్డాక కూడా మాకు నమ్మకం కుదరలేదు. ఒకటి ఒకటి.

ఆ తర్వాతే దెబ్బ తగిలింది. కార్నర్ బంతికి జీనత్ ఎగిరింది, కేతేపల్లి పిల్ల ఒకామె కూడా ఎగిరింది. మోకాలు వచ్చి జీనత్ మూతికి తగిలింది. కింది పెదవి చీలింది. రిఫరీ ఆట ఆపాడు. సారు పరుగెత్తుకొచ్చాడు. "బయటికి రా బిడ్డా. భాగ్యశ్రీ నిలబడుతది." జీనత్ తల అడ్డంగా ఊపింది. నోరు కడిగి, నా చేతి రుమాలు మడిచి పెదవికీ పళ్లకూ మధ్య బిగించుకుంది. నెత్తురు ఆగిందని రిఫరీ చూసి సరేనన్నాడు. కానీ ఇక మాట రాదు.

ఇంకా పదిహేను నిమిషాలు ఉంది. మేము మళ్లీ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పాత మొహమాటం మళ్లీ మా మధ్యకు వచ్చి నిలబడడం నాకు కనబడింది. ఏడో నంబరు బంతితో బయలుదేరింది.

అప్పుడు వెనక టకటకమని చిన్నగా చప్పుడు మొదలైంది. అరచేత్తో గోల్ స్తంభం మీద. ఆ స్తంభం బోలు ఇనుప గొట్టం, లారీ డొక్క కంటే బాగా మోగుతుంది. వస్తూ ఉండు, వస్తూ ఉండు. నేను వెనక్కి జరిగాను. నిహారిక జరిగింది. ఠంగుమని ఒక దెబ్బ. నిలబడ్డాం. బంతి నిహారిక కాలికి తగిలి బయటికి పోయింది.

రిఫరీ దగ్గరికి వచ్చాడు. "ఏందమ్మా ఆ చప్పుడు?"

"మా కెప్టెన్ మాట్లాడుతాంది సార్," అంది నిహారిక.

ఆ ఇనుప చప్పుడు ఎడమ చివరన ఉన్న వాళ్లకు అందడం లేదు. గాలి అటునుంచి ఇటు వీస్తోంది. రెండు దెబ్బలు పడ్డాయి, ఆ చివరి పిల్ల కదల్లేదు. చూస్తున్నదాన్ని నేనే. "పోనీ!" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా, కీచుగా వినిపించింది. ఆ పిల్ల కదిలింది. తర్వాత ప్రతి దెబ్బకూ మాట నేను అందించాను. నా తర్వాత నిహారిక అందుకుంది. గట్టు మీద ఎవరో నవ్వారేమో తెలియదు. వినే తీరిక లేకపోయింది.

ఆట ఒకటి ఒకటితో ముగిసింది. గెలవలేదు. కానీ పదకొండు మ్యాచ్‌లలో ఓడకుండా ఇంటికి బయలుదేరడం అదే మొదటిసారి.

ఆటోలో జీనత్ వెనక కొసన కూర్చుంది. పెదవి ఉబ్బి ఒకవైపుకు జారింది. గ్లౌజులు ఆమె ఒళ్లోనే ఉన్నాయి. భాగ్యశ్రీ వాటి వైపు చూడను కూడా చూడలేదు. ఊరు దాటాక సారు జేబులోంచి కాగితం తీశాడు. తీసి, మడిచి, మడతల దగ్గర చిరిగిన కాగితం. దాన్ని నాలుగు ముక్కలు చెయ్యబోతూ అన్నాడు.

"తప్పు నాదే. నీళ్లు వేరు, ఆట వేరు. ఇయ్యాల్టి సంది వంతులు బంద్. పట్టీ జీనత్ కాడనే ఉంటది."

జీనత్ అరచేత్తో ఆటో రేకు మీద ఒక దెబ్బ కొట్టింది. సారును ఆపడానికి కొట్టింది. ఆటో డ్రైవర్ కూడా బ్రేకు వేశాడు. అందరం ముందుకు తూలాం.

"ఏమైందమ్మా?" అని అతను వెనక్కి తిరిగాడు.

జీనత్ రుమాలు తీసి, ఒక్కొక్క మాటా నొప్పితో కూడబలుక్కుంది. "వంతు తియ్యకుండ్రి సార్. వంతు ఉండబట్టే నాకు దొరికింది. లేకుంటె ఎవ్వలిస్తురు?"

సారు చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది.

"గని ఒక్కటి. ఎన్క ఉన్నోళ్లు పిలుస్తరు, రోజు పిలుస్తరు. గది వంతు కాదు, పని. ఇగ వంతు వచ్చినామె నోరు తెరవాలె. లేకుంటె చెయ్యితోనన్న కొట్టాలె. ఏది చెయ్యకుంటె గా వంతు పోయినట్టే. ఎవ్వలిదైన." ఆ చివరి మాట అంటున్నప్పుడు నా వైపు చూసింది.

నేను తల దించుకోలేదు.

సారు కాగితం మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే. రాస్త," అన్నాడు.

డ్రైవర్ ఇంకా వెనక్కి తిరిగే ఉన్నాడు. "ఇగ పోవాల్నా, వద్దా?" అన్నాడు విసుగ్గా.

జీనత్ రుమాలు మళ్లీ పెదవి కింద పెట్టుకుని, రేకు మీద రెండు దెబ్బలు కొట్టింది. ఆటో కదిలింది.